మంగళవారం పదును

మంగళవారం నాడు మా ఇంట్లో పొయ్యి రాజుకోకముందే సానరాయి తడిసేది. ఆ రోజు ఊళ్ళో ఎవరూ గడ్డం గీయించుకోరు, తలపని చేయించుకోరు. శుక్రవారం కూడా కొందరు మానేవాళ్ళు గానీ, మంగళవారం పట్టింపు మాత్రం ఊరందరిదీ. మిగతా రోజుల్లో తెల్లారీ తెల్లారకముందే కత్తుల పొది చంకన పెట్టుకుని వెళ్ళిపోయే నాన్న, ఆ ఒక్క రోజు అరుగు మీద స్థిరంగా కూర్చునేవాడు. ముందు రాయి, పక్కన ముంతలో నీళ్ళు, ఒళ్ళో పాత పంచె ముక్క. రాయి మీద కత్తి నడిచే చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. పెద్ద చప్పుడేం కాదు. ఎండుటాకు మీద ఎవరో గోటితో మెల్లగా రాస్తున్నట్టు ఉండేది.

మాది వత్సవాయి. కృష్ణా జిల్లా అనగానే అందరికీ కాలవలూ వరిచేలూ కొబ్బరిచెట్లూ గుర్తొస్తాయి. మాది ఆ కృష్ణా కాదు, మెట్ట. ఇటు జగ్గయ్యపేట, అటు నందిగామ, పైకి పోతే ఖమ్మం జిల్లా. పొలిమేరలో మునేరు పారుతున్నా, నా చిన్నతనంలో మా చేలు ఎక్కువ భాగం వాన మీదే బతికాయి. జొన్న, కంది, పెసర, మిరప, నల్లరేగడిలో పత్తి. 2022 ఏప్రిల్ నుంచి మాది ఎన్టీఆర్ జిల్లా అయింది.

మేం నాయీబ్రాహ్మణులం. ఊళ్ళో మమ్మల్ని ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. పిలిచే మాటలు వేరే ఉండేవి. ఆ మాటలతో పిలవకూడదని అదే 2022లో రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. అప్పటికి నాన్న పోయి పదమూడేళ్ళయింది.

నాన్న పొది తోలుతో కుట్టినది. నిఘంటువుల్లో దాన్ని అడపం అని కూడా అంటారు, మా ఇంట్లో మాత్రం పొది అనే అనేవాళ్ళం. అందులో రెండు మడత కత్తులు, తలపనికి వాడే వెడల్పు నాటు కత్తి, కత్తెర, గోళ్ళు తీసే గోరుగల్లు, చెవిలో గుబిలి తీసే సన్న పుల్ల, పటిక గడ్డ, చిన్న ఇత్తడి గిన్నె, అద్దం. అద్దం నాలుగు పక్కలా మచ్చలు పడి, నడిమధ్యలో మాత్రమే ముఖం కనపడేది. తోలుపట్టా చుట్టగా చుట్టి అన్నిటి పైన పెట్టేవాడు. పొది ఎప్పుడు విప్పినా కొబ్బరినూనె, తోలు, పటిక కలిసిన వాసన వచ్చేది. ఇప్పటికీ ఏ పాత తోలు సామాను దగ్గర నిలబడినా ఆ వాసన కోసం వెతుక్కుంటాను.

మడత కత్తుల్లో ఒకటి జర్మనీది. తాత బెజవాడలో కొన్నాడట. దాని మీద ఏవో ఇంగ్లీషు అక్షరాలు ఉండేవి. నాన్నకు అవి చదవడం రాదు. జర్మనీ కత్తి అని మాత్రం తెలుసు. నేను హైస్కూలుకు వచ్చాక కూడబలుక్కుని చదివాను, సోలింగెన్ అని. అది జర్మనీలో కత్తులకు పేరుమోసిన ఊరు. ఆ ఊళ్ళో తయారుకాని కత్తి మీద ఆ ఊరి పేరు వేయకూడదని 1938లో వాళ్ళు ఏకంగా చట్టమే చేసుకున్నారని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అప్పుడు నాకు ఒకటే అనిపించింది: కత్తి చేసినవాడి ఊరికి అంత గౌరవం దక్కిందే, ఆ కత్తిని నలభై ఏళ్ళు పదునుగా నిలిపినవాడికి ఏం దక్కింది?

నేను కత్తి పట్టింది దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడు. 1977 నవంబరు 19న ఆ ఉప్పెన వేలమందిని మింగింది. ఊళ్ళో ఏ రచ్చబండ దగ్గర చూసినా కొన్నాళ్ళ పాటు ఆ కబుర్లే. ఆ తర్వాత వచ్చిన సంక్రాంతి వెళ్ళిపోయాక, మొదటి మంగళవారం, నాన్న నన్ను పిలిచి రాయి ముందు కూర్చోబెట్టాడు. నాకప్పుడు పద్నాలుగేళ్ళు.

గడ్డం గీయడం నేర్పుతాడనుకుని కూర్చున్నాను. రెండు నెలల పాటు నాచేత ఒక్క వెంట్రుక కూడా గీయించలేదు. నేర్పింది నూరడమే. మడత కత్తికి వీపు ఉంటుంది, వాదర ఉంటుంది. వీపు మందం, వాదర సన్నం, రెండిటి మధ్య రేకు లోతుగా, పల్లంగా ఉంటుంది. రాయి మీద పెట్టినప్పుడు వీపూ వాదరా రెండూ ఒకేసారి రాయిని తాకాలి. వీపు పైకి లేచిందా, వాదర మొద్దుబారుతుంది. చేత్తో అదిమితే వంకర పోతుంది. రాయి మీద వాదర ముందు నడవాలి. రాయి చివరికి వెళ్ళాక కత్తిని వీపు మీద దొర్లించి రెండో వైపు తిప్పి వెనక్కి తేవాలి. వాదర మీద దొర్లిస్తే అప్పటిదాకా చేసిన పని అంతా పోయినట్టే.

తోలుపట్టా దగ్గరికి వచ్చేసరికి అంతా తలకిందులు. పట్టా ఒక కొస గుంజకు కట్టి, రెండో కొస ఎడంచేత్తో బిగలాగి పట్టుకోవాలి. అక్కడ వీపు ముందు పోవాలి, వాదర వెనక రావాలి. నాన్న దాన్ని ఒక్క ముక్కలో చెప్పేవాడు.

“రాయికి ఎదురెళ్ళాలిరా, తోలుకి వెన్నియ్యాలి.”

విన్నాను, తలూపాను. మూడో వారమో నాలుగో వారమో ఏమరుపాటున పట్టా మీద కూడా వాదరను ముందుకు తోశాను. తోలు చీలిన చప్పుడు ఇద్దరికీ వినపడింది. అంగుళం పొడవున గాటు. పట్టా కొత్తది కొనాలంటే మాటలు కాదు. నాన్న తిడతాడని తల దించుకుని కూర్చున్నాను. ఆయన పట్టా విప్పి, గాటు అంచుల్ని బొటనవేలితో నొక్కి సర్ది, మళ్ళీ గుంజకు కట్టి, “కానీ” అన్నాడు. అంతే. ఆ పట్టా మరో పదేళ్ళు వాడాం. కత్తి గాటు దాటిన ప్రతిసారీ చేతికి సన్నగా తగిలేది.

పదును కుదిరిందో లేదో చూడటానికి నాన్నకు రెండు పరీక్షలు. బొటనవేలి గోరు తడిపి, దాని మీద వాదరను బరువు మోపకుండా లాగేవాడు. వెన్న మీద జారినట్టు ఒకే తీరుగా జారాలి. ఎక్కడైనా ఎగిరిందంటే అక్కడ పన్ను పడిందని లెక్క. రెండోది, తల వెంట్రుక ఒకటి పీకి, కుదురు దగ్గర పట్టుకుని వాదరకు ఆనించేవాడు. నరకాల్సిన పని లేదు. ఆనగానే రాలిపోవాలి. రాలకపోతే మళ్ళీ రాయి.

ఆ తర్వాత కుండ వచ్చింది. కుమ్మరి తాత దగ్గర వాడని కుండ ఒకటి తెచ్చి బోర్లించి, దాని అడుగున నానబెట్టిన సబ్బుముక్క నురగ రాసి, ఆ నురగను కత్తితో తీయమన్నాడు. చప్పుడు రాకూడదు. కత్తి బరువు ఎంతో అంతే పడాలి, చెయ్యి తన బరువు కలపకూడదు. నేను తీస్తుంటే కుండ కర్రుమని అరిచేది. “కుండ అరిచిందంటే మనిషి చర్మం అరిచినట్టే” అనేవాడు. కత్తిని చర్మానికి పూర్తిగా ఆనించి పడుకోబెడితే వెంట్రుక తెగదు, నిలబెడితే చర్మం తెగుతుంది. వీపు మందం ఎంతో, దానికి రెండింతలు పైకి లేవాలి. అదే వాలు. బుగ్గ మీద, దవడ కింద, గొంతు మీద, మనిషి ముఖం ఎన్ని మలుపులు తిరిగినా ఆ వాలు మారకూడదు. కుండ గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఆ మలుపు మణికట్టుకు అలవాటవుతుంది. ఎన్ని మంగళవారాలు ఆ కుండను గీశానో గుర్తులేదు. ఒకరోజు నేను గీస్తుంటే నాన్న పశువుల దగ్గర పనిచేసుకుంటూ తిరిగి చూశాడు. చప్పుడు రావడం లేదని చూశాడు.

కుండ అయ్యాక నా పిక్కల మీద గీసుకున్నాను. ఆ తర్వాత ఆయన ముఖం.

ఫాల్గుణంలో ఒక సాయంత్రం. ఇంటి వెనక వేపచెట్టు కింద పీట వేసుకుని కూర్చున్నాడు. ఇత్తడి గిన్నెలో నీళ్ళు తీసుకుని గడ్డానికి రాసుకుంటూనే ఉన్నాడు. చాలాసేపు. అప్పటికి మా ఊళ్ళో గడ్డానికి సబ్బు రాసే అలవాటు తక్కువ, నీళ్ళే. నీళ్ళతో బాగా మర్దించితే వెంట్రుక మెత్తబడుతుంది, కత్తికి సగం పని తగ్గుతుంది. కొత్తవాళ్ళు ఈ సగం పని ఎగ్గొట్టి మిగతా సగం కత్తితో లాగాలని చూస్తారు, గాయాలు అక్కడే అవుతాయి. నాన్న అది మాటల్లో చెప్పలేదు, నా ఎదుట అలా రాసుకుంటూ చూపించాడు. రాసుకోవడం అయ్యాక రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

కళ్ళు మూసుకున్న నాన్న ముఖాన్ని అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. నుదుటి మీద గీతలు, ఎండకు కమిలిన చెంప, చెవి పక్కన తెల్లబడుతున్న వెంట్రుకలు. నా చెయ్యి కదల్లేదు. ఆయనా తొందరపెట్టలేదు. ఎడంచేతి వేళ్ళతో చెవి పక్క చర్మాన్ని పైకి లాగిపట్టి, కణత దగ్గర కత్తి ఆనించాను. చిటికెనవేలు కత్తి తోక మీద ఉండాలి, బొటనవేలు అడుగున ఉండాలి, అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. లాగాను. సర్‌మని వచ్చింది. నాకు తెలిసిన చప్పుడే, రోజూ వీధి అరుగుల మీద వింటూ పెరిగిందే. నా చేతి కింద నుంచి అది రావడం అదే మొదటిసారి.

బుగ్గ అయింది. గడ్డం మొన అయింది. గొంతు దగ్గరికి వచ్చేసరికి కళ్ళు తెరవకుండానే, “గుటక మింగమని చెప్పి, మింగి ఆపాక గియ్యాలి. లేకపోతే ముడి కదులుతుంది” అని తనే మింగి ఆపాడు. దవడ ఎముక మలుపు దగ్గర వాలు తప్పింది. ఆవగింజంత నెత్తురు పొడుచుకొచ్చింది. నేను కత్తి తీసేశాను.

“ఆగకు. ఇక్కడ ఆగితే చెయ్యి భయం నేర్చుకుంటుంది.”

పూర్తిచేశాను. పటిక తడిపి ఆ చోట రాశాను. మర్నాడు ఆ గాటుతోనే ఊరి పనికి వెళ్ళాడు. ఎవరో ఆసామి చూసి, నీ కత్తికి నువ్వే దొరికావా అన్నాడట. “మా పెద్దోడు గీశాడండీ” అని చెప్పాడట. ఆ మాట నాకు అమ్మ చెప్పింది. చెప్పినప్పుడు నాన్న ముఖం ఎలా ఉందో కూడా చెప్పింది.

ఊరి పని అంటే ఏమిటో ఇప్పటివాళ్ళకు కొంత చెప్పాలి. ఇంటింటికీ వెళ్ళి అరుగు మీదో చెట్టు కిందో కూర్చుని గడ్డం గీయడం, తలపని చేయడం. పెళ్ళికొడుకును చేసేటప్పుడు మేము ఉండాలి, పుట్టువెంట్రుకలకు ఉండాలి, తండ్రి పోయినవాడికి గుండు గీయడానికి మునేటి ఒడ్డున ఉండాలి. అమ్మ మంత్రసాని. ఆ ఊళ్ళో చాలామందికి బొడ్డు కోసింది ఆమె చేతులే. పెళ్ళిళ్ళకు మా బాబాయి సన్నాయి ఊదేవాడు. గడ్డలు కోయడం, పసర్లు పూయడం కూడా మావాళ్ళ పనే. ధన్వంతరి మా మూలపురుషుడని చెప్పుకోవడం అందుకే. డబ్బు చేతికి ఇచ్చేది తక్కువ. ఇంట్లో గడ్డం వచ్చిన మగాళ్ళను లెక్కవేసి, జొన్నలు నూర్చినప్పుడు కళ్ళం దగ్గర కుంచాల లెక్కన మేర కొలిచేవాళ్ళు. మంచి ఏడు మంచిగా, కరువు ఏడు కరువుగా.

ఈ రోజుల్లో కొందరు ఆ కాలం గురించి రాస్తూ ఊరంతా ఒక కుటుంబంలా ఉండేదని అంటారు. కుటుంబంలా ఉన్న చోట ఉండి ఉండవచ్చు. నేను చూసింది చెబుతాను. నాన్న చేత గడ్డం గీయించుకున్న మనిషి స్నానం చేస్తేగానీ ఇంట్లో ఏదీ ముట్టుకునేవాడు కాదు. గొంతు మీద కత్తి పెట్టనిచ్చే నమ్మకం ఉంది, ఆ కత్తి పట్టిన చెయ్యి తగిలితే మైల. పదేళ్ళ పిల్లలు నాన్నను ఏరా అనేవాళ్ళు. నాన్న వాళ్ళను బాబుగారూ అనేవాడు. ఆ బాబుగారి మొదటి గుండు గీసింది ఆయనే. ఈ రెండూ ఒకే అరుగు మీద ఎలా ఇమిడాయో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాదు.

ఇంకొకటి ఉంది, అది మావైపు నుంచి ఒప్పుకోవలసినది. మా పొది మాలపల్లెకు గానీ మాదిగపల్లెకు గానీ వెళ్ళలేదు. వెళ్తే ఊరు మమ్మల్ని రానివ్వదని పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు. అది నిజమే. కానీ అటు వెళ్ళాలని మావాళ్ళు కూడా అనుకోలేదు, అదీ నిజమే. అంటరానితనాన్ని నేరం చేస్తూ 1955లోనే చట్టం వచ్చింది, 1976లో దాన్ని సవరించి పౌరహక్కుల పరిరక్షణ చట్టం అన్నారు. నేను కత్తి నేర్చుకుంటున్న నాటికి ఆ చట్టానికి ఇరవై దాటాయి. మమ్మల్ని కిందికి చూసినవాళ్ళ మీద నాకు ఎంత కోపం ఉందో, మేం కిందికి చూసినవాళ్ళ ముందు అంత సిగ్గు ఉంది.

గడ్డం చెయ్యి కుదిరాక తల పని నేర్చుకున్నది పెనుగంచిప్రోలులో. తిరుపతమ్మ తల్లి తిరునాళ్ళకు మాఘమాసంలో వచ్చే జనం ఇంతా అంతా కాదు. మొక్కు గుళ్ళు గీయడానికి అక్కడి మావాళ్ళకు తోడుగా చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కూడా వెళ్ళేవాళ్ళం. బండ్లు కట్టుకుని రాత్రికి రాత్రే వచ్చి మునేటి ఇసుకలో దిగేవాళ్ళు జనం. ఏట్లో మునిగి తడితలతో వచ్చి వరసగా కూర్చునేవాళ్ళు. తల గడ్డంలా మలుపులు తిరగదు, ఎముక గట్టిగా ఆసరా ఇస్తుంది. కానీ సుడి ఎటు తిరిగిందో చూసుకోకుండా కత్తి పెడితే ఎదురు తగులుతుంది. పిల్లల తలలు కష్టం. తల్లి ఒళ్ళో పడుకోబెట్టి పట్టుకున్నా గిలగిలలాడతారు. నాన్న నేర్పిన కిటుకు ఒకటుంది. ఏడ్చే పిల్లవాడు ఊపిరి లోపలికి పీల్చుకునే క్షణంలో తల నిలుస్తుంది. ఆ క్షణం కోసం కత్తిని గాలిలో ఆపి ఉంచుకోవాలి. ఒక ఊపిరికి ఒక గీత. అరవై గీతలో డెబ్బై గీతలో అయ్యేసరికి పిల్లవాడు ఏడుపు మానేసి నున్నటి తల తడుముకుంటూ కూర్చునేవాడు. ఆ చూపు కోసం ఎంత ఎండలోనైనా కూర్చోవచ్చు అనిపించేది.

మేర ఎలా పోయిందంటే, ఎవరూ వద్దనలేదు, పంట మారిపోయింది. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలవలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలవ పనులు సాగుతూ సాగుతూ మా మెట్టకూ నీళ్ళు చేరాయి. నీళ్ళు రాని చేలలో కూడా జొన్న తగ్గి పత్తీ మిరపా పెరిగాయి. జొన్న కళ్ళంలో రాశి పోస్తారు, ఆ రాశిలోంచి కుంచం ముంచి మాకు పోస్తారు. పత్తికి ఏ రాశి? బోరాల్లో కుక్కి అమ్మకానికి పోతుంది. మిరపకాయలు గుంటూరు యార్డుకు పోతాయి. మా కుంచం ముంచడానికి ఊళ్ళో రాశే లేకుండా పోయింది. ఇంతలో జగ్గయ్యపేట చుట్టుపక్కల సున్నపురాయి నేలల్లో సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి. నెలజీతం మనుషులు వచ్చారు. వాళ్ళకు అరుగు లేదు, మేర లేదు. కుర్చీ కావాలి.

నాన్న, బాబాయి కలిసి బస్సులు ఆగే చోట చిన్న కొట్టు పెట్టారు. తల ఆనించుకునే కుర్చీ ఒకటి, ఎదురుబొదురుగా రెండు అద్దాలు, విజయవాడ స్టేషన్ పలికే రేడియో, ఈనాడు పేపరు. పేపరు చదవడానికే వచ్చి కూర్చునేవాళ్ళు కొందరు. కొట్టు తెరిచిన కొద్దిరోజులకే, మా పొది ఎన్నడూ వెళ్ళని ఆ పల్లె నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగాడు. కుర్చీలో కూర్చోవచ్చా అని అడగలేదు గానీ ఆ ప్రశ్న అతని ముఖంలో ఉంది. నాన్న తువ్వాలు దులిపి, “రా బాబూ, కూర్చో” అన్నాడు. అది చూసి లోపల కూర్చున్న ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. నాన్న వాళ్ళ వైపు చూడలేదు, రాయి మీద నీళ్ళు చల్లుకుంటున్నాడు. అరుగుల మీద తరాల తరబడి జరగనిది ఆ కుర్చీ దగ్గర జరిగింది. పాతరోజులు తలచుకుని నిట్టూర్చే వాళ్ళతో నేను గొంతు కలపలేకపోవడానికి కారణం ఆ కుర్చీ.

కత్తి మాత్రం కొట్టులో కూడా అదే. ఇంట్లో గీసుకునేవాళ్ళు అప్పటికే ఉన్నారు. అమెరికాలో జిల్లెట్ అనే ఆయన మార్చుకునే బ్లేడు రేజరుకు 1904లో పేటెంటు తీసుకున్నాడు. అది మా ఊరి బడి పంతుళ్ళ గూళ్ళలోకి రావడానికి అరవై డెబ్బై ఏళ్ళు పట్టింది. టోపాజ్ బ్లేడు, పనామా బ్లేడు శెట్టిగారి కొట్లో విడిగా అమ్మేవాళ్ళు. అయినా పెళ్ళికీ పండక్కీ నాన్న కత్తి కిందే కూర్చునేవాళ్ళు. బ్లేడు గీతకూ మంచి పదును కుదిరిన మడత కత్తి గీతకూ తేడా చెంపకు తెలుస్తుంది. వెంట్రుకను కోసినట్టు కాదు, తుడిచినట్టు ఉంటుంది.

కత్తిని పెట్టెలో పెట్టించింది ఎయిడ్స్. మన దేశంలో హెచ్ఐవిని మొదట కనుక్కున్నది 1986లో, మద్రాసులో. తొంభైల్లోకి వచ్చేసరికి ఆ భయం ఊళ్ళ గోడల మీదికి ఎక్కింది. కొట్టుకు వచ్చినవాడు కూర్చునేముందు కత్తి వైపు చూసేవాడు. కొత్త బ్లేడేనా అని అడగడం మొదలైంది. మార్కెట్లోకి అప్పటికే బ్లేడు కత్తి వచ్చింది. మామూలు బ్లేడును కాగితంలో ఉండగానే వేళ్ళతో నిలువుగా విరిచి, సగం ముక్కను కత్తిలాంటి పిడిలో దూర్చడం. మనిషికో సగం, పని అయ్యాక పారెయ్యడం.

నేను అప్పటికి బడిలో పంతులు ఉద్యోగంలో ఉన్నాను. ఒక మంగళవారం ఇంటికి వెళ్తే నాన్న రాయి ముందు కూర్చుని ఉన్నాడు గానీ నూరడం లేదు.

“ఇదంతా నిజమేనంటావా?”

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఎయిడ్స్ ఒకటే కాదు నాన్నా, కాలేయాన్ని తినే హెపటైటిస్-బి అని ఇంకోటుంది, దాని క్రిమి ఎండిన నెత్తురులో కూడా కనీసం ఏడు రోజులు బతుకుతుంది, నీళ్ళతో కడిగితే పోదు, డెట్టాల్‌లో ముంచి తీసినంత మాత్రాన పోతుందని చెప్పలేం అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

“అయితే ఇన్నాళ్ళూ మన చేతి మీదుగా ఎవరికైనా...”

ఆ మాట పూర్తిచేయలేదు. ఎప్పటికీ చేయలేదు. తర్వాత లేచి, రెండు మడత కత్తుల్నీ పంచె ముక్కతో తుడిచి, కొబ్బరినూనె రాసి, గుడ్డలో చుట్టి ట్రంకు పెట్టెలో పెట్టాడు. నాటు కత్తిని కూడా పెట్టాడు. మర్నాడు జగ్గయ్యపేట వెళ్ళి బ్లేడు కత్తి కొనుక్కొచ్చాడు. సరైన పని చేశాడు. నాకు ఈ రోజుకీ ఆ విషయంలో అనుమానం లేదు. మనిషి ప్రాణం కంటే ఏ పనితనమూ ఎక్కువ కాదు. కానీ ఆ తర్వాత మంగళవారాలు నాన్నకు ఏం చేయాలో తోచేది కాదు. అరుగు మీద కూర్చుని వీధిలోకి చూస్తూ ఉండేవాడు. బ్లేడుకు నూరే పని లేదు కదా.

మొన్నామధ్య మా మేనల్లుడు అమెరికా నుంచి ఫోన్ చేశాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తన ఒక్కడి వాడకానికి మడత కత్తి కొనుక్కున్నాడట, సోలింగెన్‌దే. అక్కడ కుర్రాళ్ళు దాన్ని ఇష్టంగా నేర్చుకుంటున్నారట. రెండుసార్లు తెగింది మావయ్యా అన్నాడు. నూరావా అని అడిగాను. కొత్తది కదా అన్నాడు. నీళ్ళు ఎంతసేపు రాశావని అడిగాను. నురగ డబ్బా ఉంది అన్నాడు. ముందు ఒక నెల పట్టా మీద చెయ్యి తిప్పు, వీపు ముందు, వాదర వెనక అన్నాను. అటునుంచి కాసేపు మాట రాలేదు.

“వాదర అంటే ఏంటి మావయ్యా?”

వాడు నాన్నకు సొంత మనవడు. నాన్న వేలు పట్టుకుని కొట్టుకు వెళ్ళి, ఎత్తు కుర్చీలో కూర్చుని తల పని చేయించుకున్నవాడు. వాడికి ఆ మాట అందలేదంటే తప్పు వాడిది కాదు. ట్రంకు పెట్టెలో కత్తులతో పాటు మాటల్ని కూడా చుట్టి పెట్టేశాం. వాదర, వాలు, పన్ను, పొది, గోరుగల్లు, మేర. మా అమ్మ మంత్రసాని పనిలో వాడిన మాటలైతే ఆమెతోనే పోయాయి, నేను ఒక్కటీ రాసుకోలేదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఊరూరా రైతుల్ని అడిగించి వాళ్ళ నోటి మాటలతో వ్యవసాయ వృత్తి పదకోశం తెచ్చింది 1962లో. 1971లో చేనేత పదకోశం వచ్చింది. పండితులు కాగితాలు పట్టుకుని పొలంగట్ల మీదికీ మగ్గం గుంతల దగ్గరికీ వెళ్ళారు కాబట్టే ఆ మాటలు ఈ రోజు మనకు ఉన్నాయి. ఆ దారి మన ముందు ఉంది.

నేను ఒక నోటుపుస్తకం మొదలుపెట్టాను. ఇప్పటికి పాతిక పేజీలు అయ్యాయి. జగ్గయ్యపేటలో ఒకాయన ఉన్నారు, పెనుగంచిప్రోలులో మరొకాయన. ఇద్దరికీ ఎనభై దాటాయి. ఇద్దరి చేతులూ ఇప్పుడు వణుకుతున్నాయి. కానీ పట్టా గురించి అడగగానే ఎడంచెయ్యి దానంతటదే బిగలాగినట్టు పిడికిలి పడుతుంది.

మీ ఊళ్ళో కూడా పొది మోసిన పెద్దాయన ఒకరు ఇంకా ఉండి ఉంటారు. ఒక మంగళవారం వెళ్ళి పక్కన కూర్చోండి. పేరు చివర గారు చేర్చి పిలవండి. ఆయన చెప్పిన మాటలు చెప్పినట్టే రాసుకోండి.